పడవ వంతు నీళ్ళు

ఏ.ఎస్. రావు నగర్‌లో మా వీధి చివర ఈమధ్యే ఒక హోటల్ తెరిచారు. గోదావరి వంటలని బోర్డు. పులస దొరకని రోజుల్లో కూడా అక్కడ పులస పులుసు ఉంటుందని మా మనవరాలు ఊరించి తీసుకెళ్ళింది. గుమ్మం పక్కన ఒక పాత చెక్క పడవ పెట్టి, దాన్నిండా నీళ్ళు పోసి, పైన బంతిపూల రేకులు చల్లారు. అందరూ దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారు. నేను మాత్రం నడుం పట్టేసినా సరేనని వంగి, పడవ పొట్ట కింద చెయ్యి పెట్టి తడిమాను. పలకకీ పలకకీ మధ్య సందుల్లో సిమెంటు కూరారు.

నాకు ఒళ్ళు మండింది. "ఎవరయ్యా ఇందులో సిమెంటు పెట్టింది?" అని గట్టిగానే అడిగాను. మేనేజరు కుర్రవాడు పరుగున వచ్చాడు.

"నీళ్లు పోస్తే కింది నుంచి కారుతున్నయ్ అని మొన్ననే మేస్త్రీతోని పెట్టిచ్చినం మేడమ్. ఏమైంది?"

ఏమైందో చెప్పాలంటే చాలా చెప్పాలి. మనవరాలు నా మోచెయ్యి పట్టుకుని, "అమ్మమ్మా, ప్లీజ్, అందరూ చూస్తున్నారు" అని లోపలికి లాక్కెళ్ళింది. పులుసులో చింతపండు ఎక్కువైంది. మామూలుగా అయితే వంటవాణ్ణి పిలిపించి మరీ చెప్పేదాన్ని. ఆ రోజు నోరెత్తలేదంటే ఆ సిమెంటు నన్నెంత కలవరపెట్టిందో చూడండి. ఎందుకంటే అదే పని ఒకప్పుడు నేనూ చేశాను.

మా తాతయ్య పడవలు కట్టేవాడు. అదీ సికింద్రాబాదులో. ఈ మాట ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు, తర్వాత ఎక్కడ నడిపేవాడని అడుగుతారు. అసలు ఆయనది గోదావరి పక్క. కాలువల మీద ధాన్యం మోసే పడవలు, ఏరు దాటించే పడవలు, పెళ్ళివారికి తెరచాపతో సహా సింగారించే పడవలు, అన్నీ కట్టాడు. కాలువల మీద వంతెనలు పడ్డాక ధాన్యం లారీలెక్కింది. ఆ తర్వాత నాయనమ్మ పోయింది. రైల్వేలో గుమాస్తాగా ఉన్న మా నాన్న వెళ్ళి ఆయన్ని సీతాఫల్‌మండికి తెచ్చుకున్నాడు. బట్టలు ఒక చిన్న మూటలో వచ్చాయి. రంపాలూ ఉలులూ బాడిసలూ మాత్రం ఇద్దరు మోయాల్సినంత ఇనప్పెట్టెలో వచ్చాయి.

మేముండే చోట ఒకే ప్రహరీలో నాలుగిళ్ళు, నాలుగిళ్ళకూ కలిపి ఒక కుళాయి. వెనకాల ఎప్పటిదో గుర్రాల కొట్టం ఖాళీగా పడి ఉండేది. అద్దెకిచ్చిన ఇంటివాళ్ళను అడిగి తాతయ్య అందులో పెట్టె దించాడు. మొదట్లో పీటలు చెక్కాడు, మంచాలు బిగించాడు. తర్వాత ట్యాంక్‌బండ్ దగ్గర చేపలు పట్టేవాళ్ళ పడవలకు అతుకులు వేశాడు, తెడ్లు చెక్కి ఇచ్చాడు. కానీ సొంతంగా ఒక పడవ కట్టనిదే ఆయనకు అన్నం సహించేది కాదు.

ఆయనకు ముక్కు మీదే కోపం. అంతకన్నా పెద్ద సంగతి, తప్పు తనదని జన్మలో ఒప్పుకునేవాడు కాదు. వేలు తెగితే ఉలిది తప్పు. టీ పొంగితే స్టవ్వుది. చర్చిలో ఆయన పాట శ్రుతి తప్పితే హార్మోనియం వాయించే టీచరమ్మది. "మీ తాతయ్య పుట్టిన రోజున తప్పు అనే మాట ఊళ్ళో లేదేమో" అని అమ్మ నవ్వేది, ఆయనకు వినపడకుండా.

కొట్టంలో వాసనలు ఇప్పటికీ నా ముక్కుకు తగులుతాయి. చిత్రిక పట్టిన టేకు పొట్టు, పలకలకు పూసే చేపనూనె, నూనెలో వేసి కాచే గుగ్గిలం. ఆ గుగ్గిలం కోసమే ఎదురింటి అవ్వ రోజూ వచ్చేది. ఆమెకు మూడు బర్రెలు, వాటి పాలు మా నాలుగిళ్ళకూ పోసేది. ఆమె తాతల కాలం నుంచీ ఈ ఊరివాళ్ళే. శుక్రవారం ఇంట్లో పొగ వేసుకోవడానికి గుగ్గిలం ముక్క పట్టుకెళ్ళేది. ఒకే ముద్ద సగం పడవకీ సగం ఆమె దేవుడికీ పోయేది. నేనొకసారి ఎవరూ చూడకుండా ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. పై పళ్ళూ కింది పళ్ళూ అతుక్కుపోయి సాయంత్రం దాకా నోరు తెరవలేకపోయాను. అంత ప్రశాంతమైన మధ్యాహ్నం మా ఇంట్లో మళ్ళీ రాలేదని అమ్మ చెప్పుకునేది.

అమ్మ ఎండు రొయ్యలు వేయిస్తే అవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చేది.

"ఏం కంపు పిల్లా! తలకాయ నొస్తుంది. జెర గిన్నెల ఎయ్యి, ఎట్లుంటదో చూస్త."

గిన్నె తిరిగొచ్చేటప్పుడు అందులో వేడి జొన్నరొట్టె ఉండేది.

కార్ఖానా బస్తీలో ఉండే ఒక కర్నలుగారు తెడ్ల కోసం కొట్టానికి వచ్చేవారు. ఫౌజు నుంచి రిటైరయ్యాక సాయంత్రాలు చెరువు మీద పడవ నడపడమే ఆయన సరదా. ఒకరోజు నా కోసం తాతయ్య చెక్కిన జానెడు పడవ ఆయన కంటబడింది. చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశారు.

"పెద్దాయనా, చెరువు మీద అన్నీ విలాయతి నమూనాలే ఉన్నయ్. నాకు గిసొంటిది గావాలె. తెరచాప ఉండాలె, తెడ్లు సుత ఉండాలె. అయితదా?"

"అవ్వకపోడమేంటండీ? నీళ్ళెక్కడో చూపించండి చాలు" అన్నాడు తాతయ్య.

నాన్నకు ఇది నచ్చలేదు. కొట్టం ఖాళీ చెయ్యమని ఇంటివాళ్ళు అప్పటికే రెండుసార్లు అడిగారు. తలుపులూ కిటికీలూ చేసే ఒక వర్క్‌షాపులో తాతయ్యకు నీడపట్టున పని మాట్లాడి ఉంచాడు నాన్న. ఆ రాత్రి భోజనాల దగ్గర తేల్చి చెప్పాడు.

"ఈ ఒక్కటీ కట్టు నాన్నా. అది కారకుండా నీళ్ళ మీద నిలిస్తే ఇంటివాళ్ళ కాళ్ళు పట్టుకునైనా కొట్టం నీకు ఉంచుతాను. నిలవకపోతే మాత్రం సామాను పెట్టెలో సర్ది తలుపుల పనికి వెళ్ళాలి. మాటేనా?"

"నా చేతి పడవ నిలవకపోడమేంట్రా? మాటే!" అన్నాడు తాతయ్య, మజ్జిగ గ్లాసు ఠప్పున పెట్టి.

తలుపులు చెయ్యడం చిన్న పనేం కాదు. కానీ ఆ రాత్రి ఆయన మజ్జిగ తాగకుండానే లేచి కొట్టంలోకి వెళ్ళి కూర్చున్నాడు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు.

పని మొదలుపెట్టిన రోజు చర్చి అయ్యగారు వచ్చి ప్రార్థన చేశారు. ఆయన అటు వెళ్ళగానే అవ్వ వచ్చి పడవ ముక్కుకు పసుపు కొమ్ము కట్టింది. తాతయ్య దాన్ని విప్పలేదు. ఆయన పనికి కాగితం లేదు, కొలబద్ద లేదు. బెత్తెలు, మూరలు, ఒక కన్ను మూసి చూసే చూపు, అంతే. పలకను తడిగోనెలతో చుట్టి, కింద మంట పెట్టి, వేడెక్కిన కొద్దీ కొంచెం కొంచెం వంచేవాడు. ఆ సమయంలో ఎవరూ మాట్లాడకూడదు. అవ్వ కూడా నోరు మూసుకుని కూర్చునేది. లోపల పక్కటెముకల్లా వంపు కొయ్యలు బిగించాడు. సందుల్లో నూనెలో నానిన నూలు తాడు కూరి, పైన గుగ్గిలం పూశాడు. చలికాలం పోయేసరికి పడవ తయారైంది. నేను రోజూ బడి నుంచి రాగానే దాని ముక్కు నిమిరేదాన్ని.

అదే సమయానికి కర్నలుగారు బంధువుల పెళ్ళిళ్ళకని ఉత్తరాదికి వెళ్ళారు. వచ్చేది మే చివర ఆదివారమని కబురు. పడవ కొట్టంలో ఉండిపోయింది. ఆ ఏడు ఎండలు మామూలువి కావు. గోదావరి పక్క గాలిలో ఎప్పుడూ చెమ్మ ఉంటుంది, పడవ ఒడ్డున ఆరు నెలలున్నా ఫరవాలేదు. ఇక్కడి గాలి అలాంటిది కాదు, ఆరేసిన తువ్వాలు పావుగంటలో అప్పడమైపోతుంది. ఏప్రిల్ సగానికి పలకలు ఎండి ముడుచుకున్నాయి, సందులు నోళ్ళు తెరిచాయి, కూరిన తాడు వదులై వేలాడింది. నేను పడవ కింద వెల్లకిలా పడుకుంటే పైనుంచి సన్నటి వెలుగు చారలు కనిపించేవి.

తాతయ్య మొదట టింబరు డిపోవాణ్ణి తిట్టాడు. తర్వాత సూర్యుణ్ణి తిట్టాడు. ఆ తర్వాత శాంతించి, "దీనికి నీళ్ళు తాగించాలి. తాగితే చెక్క ఉబ్బుతుంది, సందులు అవే మూసుకుంటాయి" అన్నాడు.

కానీ నీళ్ళేవీ? కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది, అదీ తెల్లారి గంటసేపు. ఇంటికి ఎనిమిది బిందెలని వంతులు. తాగే నీళ్ళ కోసం బిందెలు తగువులాడుకుంటుంటే, పడవకు నీళ్ళు కావాలని ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు? తన స్నానం మానేసి ఆ రెండు చెంబులూ గోనెల మీద చల్లేవాడు. అవ్వ అది చూసింది.

"ఏందన్నా, గిట్ల చెంబుతోని చల్లితే దాని దూప తీరుతదా?"

"ఏం చెయ్యమంటావు చెల్లెమ్మా? మనుషులకే లేవు కదా."

"నా బర్రెలను కడిగిన నీళ్లన్నీ మోరీల పోతున్నయ్. గవి పోస్తే నడుస్తదా, లేకుంటే నీ పడవకు గుడ మడి ఉందా?"

"నడుస్తాయమ్మా, నడవకేం" అన్నాడు తాతయ్య.

ఆ రోజు నుంచి మా నాలుగిళ్ళలో పడవకు ఒక వంతు ఏర్పడింది. ఎవరూ కూర్చుని తీర్మానం చెయ్యలేదు, అలా జరిగిపోయిందంతే. బియ్యం కడిగిన నీళ్ళు, బట్టలు జాడించిన ఆఖరి నీళ్ళు, కూరలు కడిగిన నీళ్ళు, బర్రెల నీళ్ళు, అన్నీ కొట్టానికే. "పడవ నీళ్లు పోసినవా?" అని ఒకరినొకరు అడిగేవాళ్ళు. కొట్టంలో సబ్బు, గంజి, పేడ, చేపనూనె కలిసిన వాసన వచ్చేది. నాకు అది బాగుండేది కూడా.

ఒక్కటే బాధ. పోసిన నీళ్ళు పోసినట్టే కిందికి కారిపోయేవి. పక్కింటి పిన్నిగారు వారమైనా నీరు నిలవలేదని గొణిగింది. నాన్న రోజూ ఆఫీసు నుంచి రాగానే కొట్టంలోకి తొంగి చూసి, తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయేవాడు. అది చూస్తే నాకు భయం వేసేది. తాతయ్య పెట్టె సర్దుకుంటున్నట్టు కలలు వచ్చేవి.

వెనక వీధిలో ఇల్లు కడుతున్నారు. ఒక మధ్యాహ్నం తాతయ్య తెరచాప గుడ్డ కోసం బజారుకు వెళ్ళినప్పుడు, నేను పాత డబ్బా పట్టుకుని వెళ్ళి ఆ మేస్త్రీని సిమెంటు అడిగాను. బొమ్మరిల్లుకనుకుని సగం డబ్బా పోశాడు. కొబ్బరిచిప్పలో కలిపి, పడవలోకి దిగి, కాళ్ళ కింద వేసే చెక్కలు ఎత్తి, అడుగు సందులన్నింట్లోనూ వేళ్ళతో కూరాను. చెక్కలు మళ్ళీ సర్దేశాను. చేతులు మండాయి. అయినా తాతయ్యను నేనే కాపాడానని సాయంత్రమంతా గాల్లో తేలాను.

మర్నాడు విడిచి ఆ పైరోజు పోసిన నీళ్ళు పడవలో నిలిచాయి! నాలుగిళ్ళవాళ్ళూ చూడడానికి వచ్చారు. "దాని కడుపు నిండింది" అంది అవ్వ. తాతయ్య కొంచెం తికమకపడి, అంతలోనే మీసం దువ్వి, "నా చేతి పనంటే అది" అన్నాడు. నాన్న కూడా కొంచెం నవ్వాడు. అంతమందిలో నేనొక్కదాన్నే అసలు సంగతి తెలిసి మురిసిపోతున్నాను.

నీళ్ళు నిలిచిన అయిదో రోజు, అది బుధవారం, నాన్న ఇంకా ఆఫీసుకు వెళ్ళలేదు. పొద్దున్నే కొట్టంలోంచి ఫెళ్ళుమని చప్పుడు వచ్చింది. పరుగెత్తాం. లోపలి వంపు కొయ్య ఒకటి నిలువునా చీలింది. తాతయ్య నీళ్ళు తోడి, అడుగు చెక్కలు ఎత్తాడు. చెక్క నీళ్ళు తాగి ఉబ్బింది. ఉబ్బడానికి చోటు లేదు, సందులో సిమెంటు రాయిలా అడ్డం కూర్చుంది. ఆ ఒత్తిడంతా పోయి కొయ్యను చీల్చింది. నాకు అప్పుడే అర్థమైపోయింది.

తాతయ్య చాలాసేపు వంగి ఆ సిమెంటును చూశాడు. నేను కూరిన చోటల్లా నా వేళ్ళ గుర్తులు స్పష్టంగా ఉన్నాయి.

"ఏమైంది నాన్నా?" అని నాన్న పడవ అంచు మీదికి వంగాడు.

తాతయ్య చెక్కను మళ్ళీ కప్పేసి లేచి నిలబడ్డాడు. "నా తప్పేరా అబ్బాయ్. చెక్కకి చోటొదలకుండా బిగించేశాను. నా తప్పే."

అందరూ నోరు తెరిచారు. అవ్వ చేతిలో బకెట్టు కింద పెట్టింది. నేను చెప్పాలి. చెప్పలేదు. ఆ మౌనం గుర్తొస్తే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది.

నాన్న తండ్రి మొహంలోకి కాసేపు చూశాడు. "ఆదివారం కర్నలుగారు వస్తారు. ఇంకా నాలుగు రోజులుంది కదా, బాగుచెయ్యి" అని వెళ్ళిపోయాడు.

నేను మెల్లగా బయటికి జారుకోబోతుంటే తాతయ్య పిలిచాడు. అందరూ వెళ్ళిపోయారు. ఒక సన్న ఉలి నా చేతిలో పెట్టి, "రా, గోకుదాం" అన్నాడు. ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని సిమెంటు గోకాం. గంట గడిచింది. చివరికి నాకే ఏడుపు ఆగలేదు.

"తాతయ్యా, అది నేనే..."

"వేళ్ళు చూశానే అమ్మాయ్. మనింట్లో అంత సన్నటి వేళ్ళు ఇంకెవరికున్నాయి?" అన్నాడు, ఉలి ఆపకుండా. "ఇదుగో, చెక్కకి దాహమేస్తే నీళ్ళు పొయ్యాలి, ఓర్చుకుని ఆగాలి. నోరు మూసెయ్యకూడదు. తెలిసిందా? ముక్కు తుడుచుకుని అటు సందు చూడు, ఇంకా ఉంది."

బడికి వేసవి సెలవులు, ఆ నాలుగు రోజులూ పొద్దస్తమానం అదే పని. తాతయ్య చీలిన కొయ్యకు పక్కన ఇంకో కొయ్య జతచేసి బిగించాడు. మార్చెయ్యొచ్చు కదా అంటే, "ఉండనియ్యి" అన్నాడు.

ఆదివారం చర్చి అయ్యాక పడవను ఎడ్లబండి మీద ఎక్కించాం. స్టేషను ముందు నుంచి వెళుతుంటే ఒక పోలీసాయన ఆపి, దీనికి నంబరు ప్లేటు ఏదని అడిగాడు. "నీళ్లల్ల నడిపేదానికి నంబరేందయ్యా?" అని అవ్వ బండి మీదనుంచే కసిరింది. చెరువు ఒడ్డున కర్నలుగారు తెల్ల ప్యాంటు వేసుకుని ఎదురుచూస్తున్నారు. పడవను నీళ్ళలోకి తోశారు. తాతయ్య నడుంలోతు నీళ్ళలోకి దిగి, పడవలో పెద్ద పెద్ద రాళ్ళు పెట్టడం మొదలుపెట్టాడు. పడవ మెల్లగా మునిగింది.

"అరే, ఏందిది పెద్దాయనా? ముంచుతున్నవా?" అని కర్నలుగారు అరిచారు.

"ముంచట్లేదండీ, తాగిస్తన్నాను. మూడు రోజులు దాని జోలికి రాకండి."

ఒడ్డు మీద జనం పగలబడి నవ్వారు. నాన్న తల దించుకున్నాడు. ఆ మూడు రోజులూ మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. తాతయ్య మాత్రం పొద్దున్నే నడుచుకుంటూ వెళ్ళి సాయంత్రం దాకా ఆ ఒడ్డునే కూర్చునేవాడు.

నాలుగో రోజు నాన్న సెలవు పెట్టాడు. రాళ్ళు తీశారు, నీళ్ళు తోడారు, గోనెలతో లోపలంతా తుడిచారు. నాన్న చేతి గడియారం చూసుకుంటూ గంటసేపు నిలబడ్డాడు. తర్వాత వంగి అడుగు చెక్క ఎత్తి, అరచెయ్యి లోపల పెట్టి చూశాడు. చెయ్యి పొడిగా వచ్చింది. బూట్లు విప్పి, ప్యాంటు పైకి మడిచి, వెళ్ళి పడవలో కూర్చున్నాడు. తాతయ్య తెడ్డు అందుకున్నాడు. అవ్వ నన్ను గట్టిగా పట్టుకుని ఎక్కి, "అన్నా, ముంచితివంటే నా బర్రెలకు గడ్డెవడేస్తడు, చెప్పు ముందుగాల" అంది. కర్నలుగారు తెరచాప విప్పారు. చెరువు మధ్యకు పోయేదాకా నేను చీలిన కొయ్య మీదే చెయ్యి వేసి కూర్చున్నాను.

కొట్టం నిలిచింది. ఆ తర్వాత తాతయ్య అక్కడే ఇంకో అయిదు పడవలు కట్టాడు. ప్రతి ఎండాకాలం పడవ వంతు నీళ్ళు వాటంతట అవే వచ్చేవి. తర్వాత ఫైబరు పడవలు దిగాయి. వాటికి దాహం లేదు. తాతయ్య ఒకసారి వాటిని వేలితో తట్టి చూసి, "బకెట్టు" అన్నాడు. ఆయన పోయాక పెట్టె అమ్మేశారు. సన్న ఉలి నేను దాచుకున్నాను. ఇప్పుడక్కడ కొట్టమూ లేదు, కుళాయీ లేదు, బర్రెలూ లేవు. అయిదంతస్తుల ఫ్లాట్లున్నాయి.

నాన్న చివరి రోజుల్లో నా దగ్గరే ఉన్నాడు. ఒక మధ్యాహ్నం బత్తాయి వలిచి తొనలు పెడుతుంటే ఉన్నట్టుండి, "ఆ సిమెంటు మీద నీ వేళ్ళ గుర్తులు నేనూ చూశానే" అన్నాడు.

నా చెయ్యి ఆగిపోయింది. "మరి ఏమీ అనలేదేం నాన్నా?"

"మా నాన్న నోట 'నా తప్పు' అన్న మాట నేను విన్నది ఆ ఒక్కసారే. అదీ అబద్ధం. నీకు మాట రాకూడదని కొట్టం పోయినా సరే అనుకున్నాడు. ఇంక నేను నాలుగు రోజులు ఇవ్వలేనా?"

హోటల్ నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్నే, జనం రాకముందు, ఆ ఉలి చేతిసంచిలో వేసుకుని వెళ్ళాను. మేనేజరు కుర్రవాడు నన్ను చూసి కొంచెం జంకాడు. లోపలి కొయ్యలు విరుగుతాయని, ఇంకో రెండు మూడు రోజులే గడువని చెప్పాను. నిజంగా నమ్మాడో, నా వయసు చూసి ఊరుకున్నాడో తెలియదు. ఇద్దరు పనివాళ్ళను పిలిచి నీళ్ళు తోడించాడు. ముక్కాలిపీట వేయించుకుని కూర్చుని సిమెంటు గోకడం మొదలుపెట్టాను. మూడు రోజులు పట్టింది. చివరి రోజు మనవరాలు కూడా వచ్చి అటువైపు సందు పట్టింది.

అంతా అయ్యాక, "ఇప్పుడు నీళ్ళు పొయ్యి బాబూ" అన్నాను. కుర్రవాడు బకెట్టు వంచాడు. నీళ్ళు పోసినవి పోసినట్టే కిందికి కారి, మా కాళ్ళు తడిశాయి.

"మళ్ల కారుతుంది మేడమ్."

"కారనీ. రేపు కూడా పొయ్యి. బియ్యం కడిగిన నీళ్ళైనా ఫరవాలేదు" అన్నాను.